పెనం మీద మూడు గంటలు, సుద్దగుహలో ముప్పై ఏళ్ళు

సంక్రాంతి దగ్గరపడ్డాక బుచ్చయ్యపేట మండలంలో చెరకు చేల మధ్య నడుస్తుంటే, బెల్లం ఎక్కడ వండుతున్నారో ఎవరినీ అడగక్కర్లేదు. ముక్కే దారి చూపిస్తుంది. ఒకప్పటంత జోరు లేదు గాని, చెరకు చక్కెర ఫ్యాక్టరీకి తోలని రైతు ఇప్పటికీ పొయ్యి వెలిగిస్తున్నాడు.

పెనం దగ్గర కాసేపు నిలబడండి. రసం పోసిన కొత్తలో పచ్చిగడ్డి వాసన వేస్తుంది. తెట్టు తీసేసి మంట పెంచాక తేనె వాసన. పాకం ముదిరి 118 డిగ్రీల దరిదాపులకు వచ్చేసరికి ఆ తీపి వెనక నుంచి ఇంకేదో వస్తుంది: దోరగా వేగిన గింజలు, కాస్త మెంతులు, కాస్త కాఫీ. వండేవాడి చేతిలో థర్మామీటరు ఉండదు. నీళ్ళలో వేసిన పాకం ఉండకడుతోందో లేదో చూస్తాడు, వాసన చూస్తాడు, దింపేస్తాడు. ఈ అధ్యాయమంతా ఆ చివరి వాసన గురించే. కాకపోతే దాని వెంటపడి ఎనిమిది వేల కిలోమీటర్లు పోవాలి.

ఫ్రాన్స్‌లో ఈశాన్యాన షాంపేన్ అనే సీమ ఉంది. రీమ్స్, ఎపర్నే అక్కడి పేరున్న ఊళ్ళు. ఆ సీమలో చేసే నురగల వైన్‌కి సీమ పేరే పేరు. మనం దాన్ని ఎక్కువగా చూసింది టీవీలోనే, పందెం గెలిచినవాళ్ళు సీసా ఊపి పక్కవాళ్ళ మీద చిమ్ముతుంటే. అయితే ముప్పై, నలభై ఏళ్ళు దాచుకుని తాగడానికి దాన్ని కొనేవాళ్ళు వేరే ఉన్నారు. ఒకే ఏడాది పంటతో చేసి, ఆ ఏడాది అంకె సీసా మీద వేసినదాన్ని వింటేజ్ అంటారు. వాళ్ళు వెతికేది ఆ సీసాల కోసమే. పాత సీసా తెరిచాక వాళ్ళు రాసుకునే మాటలు చూడండి: కాల్చిన రొట్టె, తేనె, వేయించిన గింజలు, కాఫీ, పుట్టగొడుగులు, ఎండు అంజీర. ద్రాక్ష ఊసే రాదు. ఇది డబ్బున్నవాళ్ళ కవిత్వం అనుకున్నాను మొదట్లో. కాదు, అది బెల్లం పెనం రసాయనశాస్త్రమే. పొయ్యి ఒక్కటే లేదు.

అది అర్థం కావాలంటే ముందు కల్లు సంగతి చూడాలి.

మైదానంలో తాడి, ఈత. మన్నెం ఎక్కితే జీలుగు. చెట్టు ఏదైనా గీసిన చోట కట్టిన లొట్టిలోకి దిగేది చక్కెర నీళ్ళే. తెల్లవారుజామున దించితే తియ్యగా ఉంటుంది. ఎండెక్కేసరికి నురగ, దానితోపాటు ఘాటు. మర్నాటికి పులుపు. ఇంకో రెండు రోజులు వదిలేస్తే వినెగరే. చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేది ఈస్ట్ అనే ఏకకణ శిలీంధ్రం. కల్లులో దానికి తోడు జైమోమోనాస్ అనే బాక్టీరియా కూడా ఆ పనే చేస్తుంది. లాక్టిక్ బాక్టీరియా పులుపు పుట్టిస్తుంది. గాలి తగిలేసరికి అసిటిక్ బాక్టీరియా దిగి ఆల్కహాలును వినెగరు చేసేస్తుంది. లొట్టికి తలుపుల్లేవు. వచ్చినవాళ్ళందరూ వచ్చి తలా ఒక ముద్ద తిని పోతారు. నీరా కావాలనుకున్నవాళ్ళు లొట్టి లోపల సున్నం పూస్తారు. ఆ క్షారంలో ఏ సూక్ష్మజీవీ సరిగా బతకదు కాబట్టి తీపి అలాగే ఉంటుంది. అన్ని తలుపులూ ఒక్కసారే మూసేయడం అన్నమాట. షాంపేన్ చేసేవాడు ఏ తలుపు ఎప్పుడు మూయాలో, ఎవరిని లోపలే ఉంచి గడియ పెట్టాలో లెక్క చూసుకుంటాడు.

ఆ లెక్క ఇది. చల్లటి సీమ కావడంతో అక్కడి ద్రాక్షలో పులుపు దిగదు. మన చెరకుకు డిసెంబరు చలి తీపినిస్తుంది, వాళ్ళ ద్రాక్షకు చలి పులుపును కాపాడుతుంది. షార్డొనే, పినో న్వార్, మ్యూనియే అనే మూడు రకాల ద్రాక్షే ఎక్కువ. ఒకసారి పులిసి, తేటపడిన వైన్‌ను సీసాల్లో పోసి, లీటరుకు 24 గ్రాముల చొప్పున చక్కెర, కాస్త ఈస్ట్ కలిపి మూతలు బిగిస్తారు. ఆ చక్కెర చెరకుదైనా సరే, బీట్‌దైనా సరే. 750 మిల్లీలీటర్ల సీసాకు 18 గ్రాములు, అంటే నాలుగు చిన్న చెంచాలు. ఆ నాలుగు చెంచాల నుంచి సుమారు 9 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. బయటికి వదిలితే అది ఐదు లీటర్ల చోటు ఆక్రమించే వాయువు. పోవడానికి దారి లేక వైన్‌లోనే కరుగుతుంది. లోపలి ఒత్తిడి ఆరు అట్మాస్ఫియర్లకు చేరుతుంది, కారు టైరులో గాలికి రెండున్నర రెట్ల పైమాటే.

పందొమ్మిదో శతాబ్దం తొలి రోజుల్లో నేలమాళిగలోకి ఇనుప ముసుగు వేసుకుని వెళ్ళేవారట పనివాళ్ళు, ఎప్పుడు ఏ సీసా పేలుతుందో తెలియక. చక్కెరను కొలవకుండా అందాజుగా వేయడం పెద్ద కారణం. 1836లో షాలోన్ పట్నపు మందుల దుకాణదారు ఝాన్-బాప్టిస్ట్ ఫ్రాన్స్వా చక్కెర కొలిచి వేసే పద్ధతి చెప్పాకగాని పేలుళ్ళు తగ్గలేదు. ఇక్కడో మాట. షాంపేన్ బుడగలు కనిపెట్టింది డోమ్ పెరిన్యో అనే సన్యాసి అని లోకమంతా చెప్పుకుంటుంది. ఒవిలేర్ మఠంలో వైన్ వ్యవహారాలు చూసిన ఆయన (1638–1715) నిజానికి ఆ బుడగలు రాకుండా చూడ్డానికే తంటాలు పడ్డాడు. వైన్‌లో చక్కెర వేస్తే నురగెత్తుతుందని 1662లోనే లండన్ రాయల్ సొసైటీకి రాసిచ్చినవాడు క్రిస్టఫర్ మెరెట్ అనే ఇంగ్లీషు వైద్యుడు. బొగ్గు కొలిమిలో కాల్చిన గట్టి గాజు సీసాలు అప్పటికి ఇంగ్లండులోనే ఉండేవి. కథల్లో మాత్రం సన్యాసి మిగిలాడు, వైద్యుడు పోయాడు.

చక్కెర అయిపోయాక ఈస్ట్‌కు తిండి ఉండదు, ఊపిరికి ఆక్సిజన్ ఉండదు. చచ్చి సీసా అడుగున మడ్డిగా పేరుకుంటుంది. అసలు కథ అక్కడ మొదలవుతుంది. చచ్చిన కణంలోని ఎంజైములు మాత్రం చావవు. కొన్ని నెలలకు అవి తమ కణాన్నే లోపలి నుంచి కొరుక్కు తింటాయి. మాంసకృత్తులు ముక్కలై అమైనో ఆమ్లాలు వైన్‌లోకి జారుతాయి. కణం గోడల నుంచి ఊడిన పదార్థాలు వైన్‌కు నాలుక మీద మెత్తదనం ఇస్తాయి. మామూలు షాంపేన్‌ను సీసాలో పోశాక కనీసం 15 నెలలు, వింటేజ్‌ను కనీసం మూడేళ్ళు ఉంచాలని అక్కడి చట్టం. పేరున్న కంపెనీలు అంతకు రెట్టింపు, మూడింతలు కూడా ఉంచుతాయి. తర్వాత సీసాలను తలకిందులుగా వాలుస్తూ, తిప్పుతూ మడ్డిని మెడలోకి దించి బయటికి తోసేస్తారు. రంధ్రాలు చేసిన బల్లలో సీసాలు గుచ్చి తిప్పే ఉపాయం విధవ క్లికో (1777–1866) దుకాణంలో పుట్టింది. ఇరవై ఏడేళ్ళకే భర్త పోయి వ్యాపారం నెత్తిన పడిన ఆవిడ పేరు ఇప్పటికీ సీసా మీద ఉంది.

ఇప్పుడు సీసాలో ఏమున్నాయో లెక్కేసుకోండి. మడ్డి తీసినప్పుడు కలిపిన కాసింత చక్కెర, ఈస్ట్ వదిలిన అమైనో ఆమ్లాలు. 1912లో లూయీ-కమీ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ రెండింటినీ కలిపి వేడి చేస్తే గోధుమరంగుకు తిరిగి కమ్మటి వాసనలు పుడతాయని చూపించాడు. దోసె అంచు ఎర్రబడేది, అరకు కాఫీగింజ వేగి నల్లబడేది, పెనంలో చెరకు రసం బెల్లమయ్యేది ఈ మయార్ చర్యతోనే. చెరకు రసంలోనూ చక్కెరతోపాటు కొద్దిగా అమైనో ఆమ్లాలుంటాయి. ఈ చర్యకు వేడి తప్పనిసరి అనుకుంటాం గాని, వేడి కేవలం తొందరపెడుతుంది. వానాకాలంలో ఇంట్లో బెల్లం దిమ్మ ఏ పొయ్యీ లేకుండానే నల్లబడటం మనకు తెలియనిదా? షాంపేన్‌లో పులుపు ఎక్కువ, చల్లదనం ఎక్కువ, నీళ్ళూ ఎక్కువే. అందుకని పెనంలో మూడు గంటల్లో అయ్యే పని అక్కడ ముప్పై ఏళ్ళు సాగుతుంది.

వాసనల జాబితాలో కాఫీ ఎందుకుందో కూడా ఇప్పుడు తెలుసు. 2003లో బోర్డోలో తకతోషి తొమినాగ, డెనీ దుబోర్ద్యూ బృందం పాత షాంపేన్‌లలో ఫర్‌ఫురిల్ థయోల్ అనే గంధకపు అణువును పట్టుకుంది. వేయించిన కాఫీ వాసనకు ముఖ్య కారణం ఆ అణువే. లీటరులో నానోగ్రాముల లెక్కన ఉన్నా ముక్కు దాన్ని పట్టేస్తుంది. మెంతుల కథ ఇంకా బాగుంటుంది. మెంతులకు ఆ వాసన ఇచ్చే అణువు పేరు సోటోలాన్. మెంతులు బాగా తిన్న మర్నాడు చెమటలో వచ్చే వాసన కూడా దానిదే. ఇదే అణువు ఏళ్ళ తరబడి పాతబడిన షెర్రీలోనూ, ఫ్రాన్స్‌లో పసుపు వైన్ అని పిలిచే వైన్‌లోనూ ప్రధానం. 1980లో జపాన్ శాస్త్రజ్ఞులు దీన్ని శుద్ధి చేయని చెరకు చక్కెరలో గుర్తించారు, ముడి చక్కెర అనే అర్థం వచ్చే జపాన్ మాటతోనే దానికి పేరు పెట్టారు. కనక పెనం దగ్గర నిలబడి ‘కాస్త మెంతుల వాసన’ అన్నవాడు భ్రమపడలేదు.

అనకాపల్లి మార్కెట్లో దిమ్మ ధర పలికేది రంగును బట్టి. తెల్లగా, బంగారు రంగులో ఉంటే ఒక రేటు, నల్లబడితే ఇంకో రేటు. తెలుపు కోసం పాకంలో హైడ్రోస్ అనే రసాయనం వేసే అలవాటు అలా వచ్చిందే. ఆయుర్వేదం మాత్రం ఏడాది నిలవున్న పాత బెల్లమే మేలంటుంది. షాంపేన్ వాళ్ళు ఈ విషయంలో ఆయుర్వేదం వైపు. ముప్పై ఏళ్ళ సీసా కొత్త తేనె రంగులో ఉంటే మురిసిపోతారు. టీ డికాక్షన్ రంగుకు తిరిగితే మాత్రం దించేస్తారు, అది గాలి దూరిన గుర్తు. నాకైతే హైడ్రోస్ తెలుపు కన్నా నల్లబెల్లమే ఇష్టం. బేరానికి అది పనికిరాదనీ తెలుసు.

పాతబడటంలోనూ రెండు రకాలున్నాయి, ఏళ్ళ తరబడి సీసాలు సేకరించేవాళ్ళు వాదులాడుకునేది దీని గురించే. మడ్డి తీయకుండా ఇరవై ఏళ్ళు ఉంచిన సీసా ఒకటి, అదే పంటది మూడేళ్ళకో ఐదేళ్ళకో మడ్డి తీసి కార్క్ బిగించి మిగతా కాలం దాచింది ఇంకొకటి. చచ్చిన ఈస్ట్ దొరికిన ఆక్సిజన్‌ను తానే పీల్చేసుకుంటుంది కాబట్టి మొదటిది ఆశ్చర్యంగా కుర్రతనంతో ఉంటుంది. రెండోదాంట్లో కార్క్ సందుల గుండా వెంట్రుకవాసి గాలి ఏళ్ళ తరబడి దూరుతుంది, గింజలు, కాఫీ, పుట్టగొడుగులు త్వరగా బయటపడతాయి. బోలాంజే కంపెనీ ఆలస్యంగా మడ్డి తీసిన సీసాలను వేరే పేరుతో అమ్ముతుంది. అందుకే తెలిసినవాడు పంట ఏడాదితోపాటు మడ్డి తీసిన తేదీ కూడా సీసా వెనక వెతుకుతాడు. 1928, 1959, 1990, 1996, 2002, 2008 లాంటి ఏళ్ళను వాళ్ళు మన పెద్దవాళ్ళు తుఫాను ఏళ్ళను తలచుకున్నట్టు తలచుకుంటారు. అంకె మంచిదైతే సరిపోదు. మెడలో వైన్ మట్టం ఎంత దిగిందో, సీసా ఏ ఇంట్లో ఎలా ఉండి వచ్చిందో అడగాలి. వెలుగు తగిలిందో లేదో కూడా చూడాలి. వెలుగులో ఉంటే వైన్‌లోని విటమిన్ బి2, గంధకపు అమైనో ఆమ్లం కలిసి ఉడికిన క్యాబేజీ కంపు పుట్టిస్తాయి. తెల్ల గాజు సీసాకు ఆ ప్రమాదం ఎక్కువ. 1876లో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ కోసం మొదలుపెట్టిన క్రిస్టాల్ అనే షాంపేన్‌ది తెల్ల సీసాయే, అందుకే ఇప్పటికీ దానికి రంగు కాగితం చుట్టి అమ్ముతారు.

బుడగల సంగతి రీమ్స్ విశ్వవిద్యాలయంలో ఝెరార్ లిజే-బెలేర్‌ను అడగాలి. ఆయన వృత్తే షాంపేన్ బుడగలు లెక్కపెట్టడం. ఒక గ్లాసు పోసి ఊరుకుంటే దాదాపు పది లక్షల బుడగలు లేస్తాయని లెక్క కట్టాడు. అవి పుట్టేది ఎక్కువగా గ్లాసు తుడిచిన గుడ్డ వదిలిన నూలుపోగుల లోపల. 2023లో ఆయన బృందం పాత సీసాల్లో మిగిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచింది. 1974 నాటి సీసాలో ఐదింట నాలుగు వంతులు కార్క్ గుండా జారిపోయింది. బుడగ పుట్టడానికి చాలినంత వాయువు మామూలు సీసాలో 40 ఏళ్ళు, దానికి రెట్టింపు పట్టే మ్యాగ్నమ్‌లో 82 ఏళ్ళు, మూడు లీటర్లదాంట్లో 132 ఏళ్ళు నిలుస్తుందని తేల్చింది. కారణం కష్టమైంది కాదు. వైన్ రెట్టింపైనా కార్క్ ఇంచుమించు అంతే ఉంటుంది. ఇల్లు పెద్దదైనా కిటికీ ఒకటే. సేకరించేవాళ్ళు మ్యాగ్నమ్ కోసం ఎగబడేది అందుకు.

మరి ఒక సీసా బుచ్చయ్యపేటకు తెచ్చి దాస్తే? రీమ్స్ కింద రోమన్ల నాటి నుంచీ సుద్దరాయి తవ్విన గుంతలున్నాయి. అందులో ఏడాది పొడుగునా 10, 11 డిగ్రీలు. మనమూ ఒక పాతర తవ్వితే సరి అనిపిస్తుంది. సరికాదు. నేలలో కొన్ని మీటర్లు దిగితే ఎండాకాలం, చలికాలం ఉండవు, ఆ ఊరి ఏడాది సగటు వేడే ఉంటుంది. మన నూతినీళ్ళు పుష్యమాసంలో గోరువెచ్చగా, వైశాఖంలో చల్లగా తగలడం అందుకే. నీళ్ళు మారవు, మన ఒళ్ళే మారుతుంది. ఆ నీళ్ళు 27, 28 డిగ్రీలు. ఎంత లోతు తవ్వినా మన నేల ఇచ్చేది అంతే. లంబసింగిలో డిసెంబరు రాత్రి ఎంత గడ్డకట్టినా, ఏడాది సగటు రీమ్స్ దాకా దిగదు. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యలు సుమారు రెట్టింపు వేగం అందుకుంటాయి. ఆ లెక్కన ముప్పై ఏళ్ళ ముసలితనం ఇక్కడ ఎనిమిది, పదేళ్ళకే వచ్చేయాలి. వస్తుంది కూడా, కాకపోతే అన్ని చర్యలూ ఒకే వేగంతో పెరగవు. రంగు ముందు పరిగెడుతుంది, వాసనలు వెనకబడతాయి, కార్క్ ఎండి వాయువు జారిపోతుంది. కార్బైడ్ పెట్టిన మామిడి పసుపెక్కుతుంది గాని తియ్యబడదు, ఇదీ అంతే. కరెంటు పోని ఫ్రిజ్ ఉన్నవాడు తప్ప ఇక్కడ పాత షాంపేన్‌కు ఆశపడకూడదు.

అసలైన చల్లని మాళిగ బాల్టిక్ సముద్రం అడుగున బయటపడింది. 2010 జూలైలో ఫిన్లాండ్ వైపున్న ఆలండ్ దీవుల దగ్గర, 50 మీటర్ల లోతున మునిగి ఉన్న ఓడలో ఈతగాళ్ళకు 168 సీసాలు దొరికాయి. క్లికో, హైడ్సీక్, ఇప్పుడు లేని ఝుగ్లార్ కంపెనీలవి. అప్పటికి సుమారు 170 ఏళ్ళుగా చీకట్లో, 2 నుంచి 4 డిగ్రీల నీళ్ళలో, ఎవరూ కదపకుండా పడున్నాయి. ఏడాది తిరక్కుండా అందులో ఒక క్లికో సీసా వేలంలో 30,000 యూరోలకు పోయింది. 2015లో రీమ్స్ రసాయన శాస్త్రజ్ఞుడు ఫిలిప్ ఝాందే బృందం ఆ వైన్‌ను పరీక్షించింది. వాయువు చాలా మటుకు పోయింది. ఆల్కహాలు నేటి షాంపేన్ కన్నా తక్కువ. చక్కెర మాత్రం లీటరుకు 140 గ్రాముల పైన! నేటి షాంపేన్‌లో పది గ్రాములుంటే ఎక్కువ. బుచ్చయ్యపేటలో గానుగ నుంచి దిగే చెరకు రసం తీపి ఇంచుమించు అంతే ఉంటుంది. ఆ కాలం తాగుబోతులకు షాంపేన్ అంటే మత్తెక్కించే చెరకు రసమే అన్నమాట.

సీసా తెరిచిన నిపుణులు తమకు ముందు తగిలిన వాసనలు రాసిపెట్టారు: పశువుల కొట్టం, తడిసిన జుట్టు, జున్ను లాంటి ముక్కవాసన. గ్లాసు తిప్పి గాలి తగలనిచ్చారు. అప్పుడు పొగ, తోలు, మసాలా, మాడీ మాడని కాల్చిన వాసన ఒకదాని వెనక ఒకటి పైకి వచ్చాయి.